తలుపు ఏ వైపు తెరుచుకుంటుందో మరిచిపోయాక

మా కుక్క జిమ్మీకి పద్నాలుగో ఏడు నడుస్తుండగా ఒక సాయంత్రం వాకిలి తలుపు దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. బయటికి పోవాలనిపించినప్పుడల్లా అక్కడే నిలబడతాడు. ఆ రోజు మాత్రం గడియ ఉన్న వైపు కాకుండా బందులున్న వైపు నిలబడ్డాడు. తలుపు తీశాను. దారి పక్కనే ఉంది. వాడు మాత్రం తలుపుకూ గోడకూ మధ్య సందులో ముక్కు ఆనించి, ఆ సందే తెరుచుకుంటుందని ఎదురుచూస్తున్నట్టు కదలకుండా ఉండిపోయాడు. పదమూడేళ్లుగా రోజుకు నాలుగైదుసార్లు దాటిన గడప అది.

"చూపు మందగించినట్టుంది," అంది అమ్మ. నేనూ అదే అనుకున్నాను.

తర్వాతి నెలలో ఒక్కొక్కటీ బయటపడ్డాయి. రాత్రి రెండింటికి లేచి హాల్లో తిరిగేవాడు. టైల్స్ మీద గోళ్ల చప్పుడు టకటకమంటూ తెల్లవారేదాకా వినిపించేది. ఒకసారి ఫ్రిజ్ వెనక సందులోకి దూరి, వెనక్కి నడిస్తే బయటికి రావచ్చన్న సంగతి తట్టక, గోడకు తల ఆనించి మూలుగుతూ దొరికాడు. జీవితంలో ఏనాడూ ఇంట్లో మూత్రం పోయనివాడు భోజనాల బల్ల కింద పోశాడు. చెల్లి హైదరాబాద్ నుంచి వస్తే వీధి మలుపులో ఆటో చప్పుడుకే గేటెక్కేవాడు, ఈసారి చెల్లి వచ్చి పక్కన కూర్చున్నా తలెత్తలేదు. బల్ల కింద తడి చూసిన రోజు నేను వాణ్ని గట్టిగా కసిరాను. వాడు నా ముఖంలోకి చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. కసిరితే కుక్క తల దించుకుంటుంది. వాడు తల దించుకోలేదు. నేను ఎందుకు అరుస్తున్నానో వాడికి తెలియలేదు.

మొదట చూపించిన డాక్టరు "వయసైపోయిందండీ, ఇక ఇంతే" అని రెండు నిమిషాల్లో పంపేశారు. రెండోచోటికి వెళ్తే అక్కడి డాక్టరమ్మ అరగంటకు పైగా ప్రశ్నలే అడిగారు. చివర్న ఒక పేరు చెప్పారు. కనైన్ కాగ్నిటివ్ డిస్‌ఫంక్షన్ సిండ్రోమ్. మనుషుల్లో అల్జీమర్స్ ఎలాంటిదో కుక్కల్లో ఇది అలాంటిది. ఆ మొదటి మాట, "వయసైపోయింది" అన్నది, ఎంత నష్టం చేస్తుందో ఆ తర్వాత చదువుతూ పోయినకొద్దీ తెలిసింది. ఈ వ్యాసం అందుకే రాస్తున్నాను.

ఇది అరుదైన జబ్బేమీ కాదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణంలోని పశువైద్య పరిశోధకులు 2001లో ప్రచురించిన అధ్యయనంలో 11, 12 ఏళ్ల కుక్కల్లో 28 శాతానికి, 15, 16 ఏళ్ల కుక్కల్లో 68 శాతానికి ఏదో ఒక రూపంలో ఈ లక్షణాలు కనిపించాయి. ఆస్ట్రేలియాలో 2010లో వెలువడిన మరో అధ్యయనం నన్ను ఎక్కువగా కలవరపెట్టింది. యజమానులు చెప్పిన లక్షణాలను బట్టి లెక్కవేస్తే ఎనిమిదేళ్లు దాటిన కుక్కల్లో 14.2 శాతానికి జబ్బు ఉన్నట్టు తేలింది. అదే పశువైద్యులు గుర్తించి పేరు పెట్టినవి 1.9 శాతమే. అంటే జబ్బుపడ్డ ఏడెనిమిది కుక్కల్లో ఒక్కదాన్నే ఎవరో పట్టుకున్నారు. మిగతావన్నీ "వయసైపోయింది" అన్న మాట కింద ఉండిపోయాయి.

మా అమ్మమ్మ ఊళ్లో ఇంటికో కుక్క ఉండేది. మతి తప్పిన ముసలి కుక్క గురించి మాత్రం ఆమె నోట ఎప్పుడూ వినలేదు. ఆమె చూడకపోవడానికి కారణం ఉంది. ఆ రోజుల్లో కుక్కలకు మతి తప్పేంత వయసు వచ్చేది కాదు. కోల్‌కతాలోని విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థ ఐసర్ శాస్త్రవేత్తలు పశ్చిమ బెంగాల్ వీధుల్లో పుట్టిన 364 కుక్కపిల్లలను వెంబడించి చూసి 2016లో ఒక లెక్క చెప్పారు. వాటిలో ఏడు నెలల వయసుదాకా బతికినవి 19 శాతం మాత్రమే. డిస్టెంపర్, పార్వో, రేబిస్ టీకాలు, ఇంటి భోజనం, ఇంటి కప్పు దొరికిన కుక్కకే ముసలితనం దొరుకుతుంది. మన పట్టణాల్లో, పల్లెల్లో కూడా, కుక్కలు ఇప్పుడిప్పుడే పన్నెండు, పద్నాలుగేళ్లు బతుకుతున్నాయి. చిన్న జాతులు, ముఖ్యంగా మనవాళ్లు ఎక్కువగా పెంచే పొమరేనియన్లు, ఇంకా ఎక్కువ కాలం. ముసలి కుక్కను చూసుకోవడం అమ్మమ్మల నుంచి మనకు అందిన విద్య కాదు. మనమే నేర్చుకోవాలి.

కుక్క వయసును ఏడుతో హెచ్చవేస్తే మనిషి వయసు వస్తుందని అందరూ అంటారు. ఆ లెక్క తప్పు. శాన్ డియేగోలోని శాస్త్రవేత్తలు 104 లాబ్రడార్ల డీఎన్ఏ మీద వయసుతోపాటు మారే రసాయన గుర్తులను మనుషుల గుర్తులతో పోల్చి 2020లో కొత్త సూత్రం ఇచ్చారు. దాని ప్రకారం కుక్కకు మొదటి ఏడు నిండేసరికే మనిషి ముప్ఫయ్యో పడిలోకి వచ్చినట్టు. ఆ తర్వాత వేగం తగ్గుతూ పోయి, పన్నెండేళ్ల లాబ్రడార్ డెబ్భై ఏళ్ల మనిషితో సమానమవుతుంది. ఇతర జాతులకు ఈ అంకెలు అటూఇటూ అవుతాయి. అయినా ఒకటి గ్రహించవచ్చు. మన ఇంట్లో పరుగులు తీసిన పిల్లకు డెబ్భై ఏళ్లొచ్చాయి, మనకు మాత్రం పన్నెండేళ్లే గడిచాయి. అందుకే మన కళ్లు దాన్ని ఇంకా పిల్లగానే చూస్తుంటాయి.

డాక్టరమ్మ అడిగిన ప్రశ్నలు ఒక వరుసలో ఉన్నాయని అప్పుడు తెలియలేదు. తెలిసిన ఇంట్లోనే దారి తప్పుతున్నాడా, మూలల్లో ఇరుక్కుంటున్నాడా, గోడకేసి చూస్తూ ఉండిపోతున్నాడా అని మొదలుపెట్టారు. తర్వాత మనుషుల సంగతి: దగ్గరికి రావడం మానేశాడా, లేక ఒక్క క్షణం వదలకుండా కాళ్లకు చుట్టుకుంటున్నాడా? రెండూ లక్షణాలేనట. పగలు నిద్ర, రాత్రి మెలకువ ఉందా? ఇంట్లో మూత్రం, మలం? ఆటా పాటా తగ్గిందా, లేక పనీపాటా లేని నడక పెరిగిందా? ఇదివరకు లేని బెదురు, రాత్రిపూట కారణం లేని అరుపు, ఒంటరిగా ఉంటే వణుకు? ఒక్కోదానికి "ఎప్పటినుంచి, రోజుకెన్నిసార్లు" అని అడిగి రాసుకున్నారు. మేము తడబడ్డాం. ఇంట్లో నలుగురం ఉండి, వాడు రాత్రి ఎన్ని గంటలకు లేస్తున్నాడో ఒక్కరమూ సరిగ్గా చెప్పలేకపోయాం.

రక్తపరీక్షలు, మూత్రపరీక్ష, రక్తపోటు చూడందే ఆమె ఆ పేరు పలకలేదు. ఈ జబ్బును తేల్చే ఒక్క పరీక్ష అంటూ లేదు. మిగతావి కావని తేల్చుకుంటూ పోతే చివరికి ఇది మిగులుతుంది. ఆ మిగతావి మామూలువి కావు. మూత్రపిండాలు దెబ్బతిన్నా, మధుమేహం ఉన్నా, మూత్రకోశానికి ఇన్ఫెక్షన్ సోకినా ఇంట్లో మూత్రం పోస్తుంది. కీళ్లవాతం ఉన్న కుక్క నొప్పితో రాత్రంతా పడుకోలేక తిరుగుతుంది. శుక్లాలు వచ్చిన కుక్క గుమ్మానికి గుద్దుకుంటుంది. చెవుడొచ్చిన కుక్క పిలిస్తే రాదు. థైరాయిడ్ తగ్గితే మందకొడిగా ఉంటుంది. మెదడులో గడ్డ ఉన్నా స్వభావం మారిపోతుంది. వీటిలో చాలావాటికి వైద్యం ఉంది. "వయసైపోయింది" అంటూ వదిలేసిన కుక్కల్లో కొన్ని నిజానికి నొప్పితో తిరుగుతున్నవేనని తలుచుకుంటే బాధేస్తుంది.

ఇంకొకటి విడిగా చెప్పాలి. ముసలి కుక్క ఉన్నట్టుండి తల ఒక పక్కకు వాల్చేసి, కనుగుడ్లు అటూఇటూ వేగంగా కదులుతుండగా తూలి పడిపోతే ఇంట్లోవాళ్లు పక్షవాతం అనుకుంటారు, ఇక అయిపోయిందనుకుంటారు. ఎక్కువసార్లు అది లోపలి చెవికి సంబంధించిన సమతౌల్యం దెబ్బతినడం. చాలా కుక్కలు కొద్ది రోజుల నుంచి రెండు మూడు వారాల్లో వాటంతట అవే కోలుకుంటాయి. మతిమరుపు ఇలా ఒక్క పూటలో రాదు. నెలల మీద, చడీచప్పుడు లేకుండా వస్తుంది. ఒక్క రోజులో వచ్చిన మార్పు ఏదైనా సరే, అదే రోజు డాక్టరుకు చూపించాలి.

ఇంతకీ ఆ తలలో ఏం జరుగుతుంది? మెదడు కుంచించుకుపోతుంది. ఆలోచనకు, అదుపుకు ఆధారమైన ముందుభాగం, జ్ఞాపకాలకు ద్వారంలాంటి హిప్పోకాంపస్ పలచబడతాయి, లోపల ద్రవం నిండే గదులు పెద్దవవుతాయి. నాడీకణాల మధ్య బీటా అమిలాయిడ్ అనే ప్రొటీన్ ముక్కలు పాచిలా పేరుకుంటాయి, రక్తనాళాల గోడల్లోనూ చేరతాయి. ఈ ప్రొటీన్ ముక్క కుక్కలోనూ మనిషిలోనూ ఒక్కటే. దానిలోని అమైనో ఆమ్లాల వరుసలో ఒక్క తేడా లేదు. ఎలుకల్లో ఈ పాచి దానంతటది రాదు, శాస్త్రవేత్తలు జన్యువులు మార్చి తెప్పించాలి. కుక్కకు మనలాగే వయసుతో సహజంగా వస్తుంది. మనం తాగే నీళ్లే తాగి, మన గాలే పీల్చి, మన పక్కనే ముసలిదవుతుంది. అల్జీమర్స్ పరిశోధకులు దశాబ్దాలుగా కుక్కల వైపు చూస్తున్నది అందుకే. ఒక తేడా ఉంది. మనుషుల్లో నాడీకణాల లోపల టౌ ప్రొటీన్ చిక్కుముళ్లు కూడా కనిపిస్తాయి, కుక్కల్లో అవి అరుదు.

టొరంటో విశ్వవిద్యాలయంలో నార్టన్ మిల్‌గ్రామ్, కాలిఫోర్నియాలో కార్ల్ కాట్‌మన్, ఎలిజబెత్ హెడ్ వంటివారు బీగిల్ జాతి కుక్కలతో ఏళ్ల తరబడి చేసిన పని చదువుతుంటే నాకు మా ఇంటి హాలే కనిపించింది. ఒక పరీక్ష ఇలా ఉంటుంది. కుక్క ముందుకు ఒక పళ్లెం వస్తుంది, దానిలో ఒకచోట ఒక చెక్కముక్క. దాన్ని జరిపితే కింద తినుబండారం. పళ్లెం వెనక్కి పోతుంది. కొన్ని క్షణాల తర్వాత మళ్లీ వస్తుంది. ఈసారి రెండు చోట్ల రెండు ముక్కలుంటాయి, తినుబండారం ఇందాక లేని కొత్త చోట ఉంటుంది. ఇందాకటి చోటు గుర్తుంటేనే కొత్తచోటు ఎంచుకోగలదు. కుర్రకుక్కలు ఎదురుచూపు ఒకటిన్నర నిమిషం దాటినా గుర్తుంచుకుంటాయి. ముసలివాటిలో కొన్ని అలాగే చేస్తాయి. మరికొన్ని పది సెకన్ల తర్వాతే తడబడతాయి. గడియ వైపా, బందుల వైపా అని మా తలుపు దగ్గర వాడు పడ్డ తడబాటు ఇదే.

ఆ బీగిళ్లతోనే మిల్‌గ్రామ్ బృందం రెండేళ్లకు పైగా సాగిన మరో ప్రయోగం చేసి 2005లో ప్రచురించింది. ముసలి కుక్కలను నాలుగు జట్లు చేశారు. ఒక జట్టుకు విటమిన్ ఇ, సి లాంటి ఆంటీఆక్సిడెంట్లు, టమాటా, క్యారెట్, పాలకూర వంటివి కలిపిన ఆహారం. ఇంకో జట్టుకు మామూలు ఆహారమే, కానీ తోడుగా మరో కుక్క, ఆటవస్తువులు, వారానికి రెండుసార్లు నడక, బుర్రకు పని. మూడో జట్టుకు రెండూ. నాలుగోదానికి ఏవీ లేవు. ఏవీ లేని జట్టు నేర్చుకునే శక్తి తగ్గుతూ పోయింది. తిండి ఒక్కటైనా, సావాసం ఒక్కటైనా మేలు చేశాయి. రెండూ కలిసిన జట్టే అన్నిటికంటే నిలబడింది. వారానికి రెండు నడకలు, ఒక తోడు. అంతకన్నా మనం ఇవ్వలేనిదేముంది?

మరోవైపు, ఆ అమిలాయిడ్ పాచినే మెదడు నుంచి తీసేస్తే పోలేదా అని ముసలి కుక్కలకు టీకా ఇచ్చి చూశారు. 2008లో ఫలితాలు వచ్చాయి. పాచి బాగానే తగ్గింది. కోల్పోయిన నేర్పు మాత్రం తిరిగి రాలేదు, ముందుభాగానికి సంబంధించిన కొన్ని శక్తులు నిలబడ్డాయంతే. పాచి తీసినా, అప్పటికే చచ్చిన కణాలు లేచి రావు. ముందుగా గుర్తించడం ఎంత అవసరమో చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

రాత్రి తిరుగుడు గురించి కొంచెం ఎక్కువ చెబుతాను. ఇల్లు కుంగేది దానివల్లే. అమెరికాలోని నార్త్ కరొలైనా స్టేట్ విశ్వవిద్యాలయంలో 28 ముసలి కుక్కలకు తల మీద ఎలక్ట్రోడ్లు అతికించి, మధ్యాహ్నం కునుకు తీయనిచ్చి మెదడు తరంగాలు నమోదు చేశారు. 2023లో ఆ ఫలితాలు వచ్చాయి. మతిమరుపు ఎక్కువున్న కుక్కలు గాఢనిద్రలోనూ, కలల నిద్రలోనూ తక్కువసేపు గడిపాయి. అంటే అవి మనల్ని నిద్ర పోనివ్వకపోవడమే కాదు, వాటికీ నిద్ర లేదు. వెలుగు మసకబారే వేళకు కంగారు పెరగడం మనుషుల్లోని మతిమరుపులోనూ ఉంది. మా జిమ్మీకి దీపాలు పెట్టే వేళకు మొదలయ్యేది.

మాకు పనికొచ్చింది ఇది. సాయంత్రం నాలుగున్నరకు ఎండ తగ్గాక పావుగంట, వాడి నడకలో, ప్రతి స్తంభమూ వాసన చూడనిస్తూ తిప్పేవాళ్లం. పగటి వెలుగు కంటికి తగలడం, ఒళ్లు కాస్త అలసిపోవడం రాత్రి నిద్రకు సాయం. పగలంతా పడుకోనివ్వకుండా మధ్యలో రెండుసార్లు మెల్లగా లేపి పలకరించేవాళ్లం. పడుకునే ముందు చివరిసారి బయటికి. హాల్లో చిన్న బెడ్‌ల్యాంపు, వాడి పడక నుంచి నీళ్ల గిన్నెదాకా కనబడేలా. పూర్తి చీకట్లో మెలకువ వస్తే వాడికి తానెక్కడున్నాడో తెలిసేది కాదు.

ఇంట్లో వస్తువులు కదపడం మానేశాం. సంక్రాంతికి సున్నాలు వేయించి సోఫా అటుది ఇటు జరిపితే రెండు రోజులు అన్నం తినలేదు. ఆ ఇల్లు వాడికి కొత్త ఇల్లయింది. టైల్స్ మీద వెనక కాళ్లు జారిపోతుంటే గోనెపట్టాలూ పాత యోగా మ్యాట్లూ పరిచి పడక నుంచి గిన్నెకు, గిన్నె నుంచి వాకిలికి దారి వేశాం. వాడు ఆ దారి వదిలేవాడు కాదు. గోళ్లు పెరిగితే జారుడు ఎక్కువవుతుంది, నెలకోసారి తీయించాలి. ఫ్రిజ్ వెనక సందు, మంచం వెనక మూల అట్టపెట్టెలతో మూసేశాం. డాబా మెట్లకు అడ్డం, నీళ్ల సంపుకు మూత, గేటుకు గొళ్లెం, ఈ మూడూ ప్రాణానికి సంబంధించినవి. పెళ్లికో పేరంటానికో జనం వస్తూ పోతూ గేటు తెరిచి పెట్టిన రోజున బయటికి నడిచిన ముసలి కుక్క తిరిగి రాలేకపోవచ్చు. దానికి దారి తెలియదు. మెడపట్టీకి ఫోన్ నంబరు బిళ్ల కట్టండి.

ఇంట్లో మూత్రం పోస్తే తిట్టకండి, కొట్టకండి, ముక్కు దానికేసి రుద్దకండి. శిక్ష పనిచేయాలంటే ఎందుకు పడిందో గుర్తుండాలి. ఆ గుర్తే పోయింది. మిగిలేది భయం ఒక్కటే. రెండు మూడు గంటలకోసారి, తిన్న వెంటనే, నిద్ర లేచిన వెంటనే ఒకే చోటికి తీసుకెళ్లి, పోసేదాకా పక్కన నిలబడి, పోశాక మెచ్చుకోండి. చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఎలా నేర్పామో అలాగే. పడుకున్నదాన్ని ఉన్నట్టుండి తాకితే ఉలిక్కిపడి కరవచ్చు. ముందు చేయి ముక్కు దగ్గర పెట్టి వాసన అందనివ్వాలి. ఇంట్లో పసిపిల్లలుంటే ఇది గట్టిగా చెప్పాలి.

చూపు, వినికిడి తగ్గినా వాసన పట్టే శక్తి కుక్కను చాలాకాలం అంటిపెట్టుకుని ఉంటుంది. అందుకే గదులన్నీ రోజూ ఘాటైన ఫినాయిలుతో తుడవడం తగ్గించాం. మెత్తటి అన్నంముద్దలు పాత తువ్వాలు మడతల్లో దాచి వెతకమనేవాళ్లం. మొదట్లో దొరక్కపోతే చేత్తో చూపించేవాళ్లం. వారం తర్వాత తనే ముక్కుతో మడతలు విప్పేవాడు. ఆ పది నిమిషాలు మా పాత జిమ్మీ మళ్లీ కనిపించేవాడు. కదలిక సంగతీ చెప్పాలి. అమెరికాలో సాగుతున్న డాగ్ ఏజింగ్ ప్రాజెక్ట్ 15,019 కుక్కల వివరాలు పరిశీలించి 2022లో చెప్పిందేమంటే, వయసు ఒక్కో ఏడాది పెరిగేకొద్దీ ఈ జబ్బు ఉండే ఆస్కారం 52 శాతం చొప్పున పెరుగుతోంది. చురుకుగా తిరిగేవాటితో పోలిస్తే కదలకుండా పడి ఉండేవాటిలో ఆరు రెట్లకు పైగా ఎక్కువ. కదలకపోవడంవల్ల జబ్బు వచ్చిందా, జబ్బువల్ల కదలిక తగ్గిందా అన్నది ఆ లెక్కతో తేలదు. నడిపిస్తే నష్టం మాత్రం లేదు.

తిండి విషయంలో ఒక పొరపాటు చాలామంది చేస్తున్నారు. వయసుతో మెదడు గ్లూకోజును సరిగా వాడుకోలేదు. ఒక రకం కొవ్వులు, మీడియం చైన్ ట్రైగ్లిజరైడ్లు, కాలేయంలో కీటోన్లుగా మారి మెదడుకు మరో ఇంధనంగా అందుతాయి. 2010లో ముసలి బీగిళ్లకు ఆహారంలో 5.5 శాతం ఈ కొవ్వు కలిపి ఎనిమిది నెలలు పెడితే పరీక్షల్లో మెరుగ్గా చేశాయి. ఇది విని కొబ్బరినూనె గరిటెలతో పోస్తున్నారు. కొబ్బరినూనెలో సగానికి దగ్గరగా ఉండేది లారిక్ ఆమ్లం, అది ఆ ప్రయోగంలో వాడినలాంటి కొవ్వు కాదు. నూనె ఎక్కువైతే కొన్ని కుక్కలకు క్లోమం వాచి ప్రాణం మీదికి వస్తుంది. డాక్టరు చెప్పిన ఆహారమే పెట్టండి. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ కుక్కకు విషం, ఏ వయసులోనైనా. ఇక మన వేసవి. మతిమరుపున్న కుక్కకు దాహమైనా గిన్నె ఎక్కడుందో గుర్తు రాదు. మే నెలలో ఇంట్లో మూడు నాలుగు చోట్ల నీళ్లు పెట్టి, గంటకోసారి మూతి దగ్గరికి తీసుకెళ్లి తాగించాల్సి వచ్చింది.

మందులున్నాయి. సెలిజిలిన్ అనే మందును ఈ జబ్బుకు కుక్కల్లో వాడటానికి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 1998లో అనుమతించింది. మనుషుల్లో పార్కిన్సన్స్‌కు వాడేదీ ఇదే. మెదడులో డోపమైన్ విరిగిపోకుండా కాపాడుతుంది. జబ్బును నయం చేయదు, కొన్ని కుక్కల్లో మంచి రోజులను పొడిగిస్తుంది. ఫలితం తెలియడానికి నెల పైనే పడుతుంది. ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. పిడుదులు పోవడానికి మన దగ్గర కుక్కలకు పూసే, నీళ్లలో కలిపి స్నానం చేయించే అమిట్రాజ్‌ను ఈ మందుతో కలిపి వాడకూడదు. నొప్పికి ఇచ్చే ట్రమడాల్, కంగారుకు ఇచ్చే ఫ్లూఆక్సెటిన్ కూడా అంతే. పిడుదులకు పూసేది మందు కాదనుకుని డాక్టరుకు చెప్పరు. చెప్పాలి. మందుల షాపులో అదే పేరు చూసి సొంతంగా కొనివ్వడం, నొప్పికని మన ఐబుప్రోఫెన్ మాత్ర వేయడం అసలు చేయకండి. రాత్రి కంగారుకు డాక్టర్లు వేరే మందులిస్తారు, మా వాడికి అవి కొంత పనిచేశాయి.

చూసుకునేవాళ్ల గురించి ఎవరూ మాట్లాడరు. మా ఇంట్లో రాత్రుళ్లు లేచింది ఎక్కువగా అమ్మే. అరవై ఎనిమిదేళ్ల మనిషి, మోకాళ్ల నొప్పులతో, రెండింటికి లేచి తుడిచి, వాడి వీపు నిమురుతూ, "ఏం నాన్నా, ఎక్కడికెళ్లాలి?" అని అడుగుతూ కూర్చునేది. ఆమెకు బీపీ పెరిగాకగానీ మాకు తెలివి రాలేదు. తర్వాత వంతులు వేసుకున్నాం. కుక్క కోసం ఇంత అవసరమా అన్న బంధువులున్నారు. వాళ్లతో వాదించలేదు. పదమూడేళ్లు గేటు దగ్గర మా కోసం మేలుకున్నవాడి కోసం ఏడాదిపాటు మేము మేలుకున్నాం.

చివరి సంగతి తప్పించుకోలేం. అమెరికా పశువైద్యురాలు ఆలిస్ విలలోబోస్ ముసలి, జబ్బు జంతువుల కోసం ఒక కొలత రూపొందించారు. నొప్పి, ఆకలి, దాహం, శుభ్రత, సంతోషం, నడక, చెడ్డ రోజులకంటే మంచి రోజులు ఎక్కువా అన్న ఏడు విషయాలకు మార్కులు వేసుకుంటూ పోవాలి. మేము గోడ క్యాలెండర్ మీద మంచి రోజుకు సున్నా, చెడ్డ రోజుకు అడ్డగీత పెట్టేవాళ్లం. ఒక్క చెడ్డ రాత్రి చూసి నిర్ణయానికి రాకుండా, ఒక్క మంచి ఉదయం చూసి మభ్యపడకుండా ఆ క్యాలెండరే కాపాడింది. మూడు వారాలు వరుసగా అడ్డగీతలే వచ్చాక, తిండి మాని మనుషులెవరినీ ఆనవాలు పట్టక వాడు నిరంతరం మూలుగుతుంటే డాక్టరమ్మను ఇంటికే పిలిపించుకున్నాం. వాడు గోనెపట్టా మీదే, అమ్మ చీర వాసన చూస్తూ వెళ్లిపోయాడు. అది తప్పని నేను అనుకోవడం లేదు.

అనుకునేది ఒక్కటే. తలుపు దగ్గర వాడు తప్పువైపు నిలబడ్డ సాయంత్రానికీ, జబ్బు పేరు మాకు తెలిసిన రోజుకూ మధ్య ఐదు నెలలు గడిచిపోయాయి. ఆ ఐదు నెలలు మేము వాణ్ని తిట్టాం. మీ ఇంట్లో ఎనిమిదేళ్లు దాటిన కుక్క ఉంటే ఆర్నెల్లకోసారి డాక్టరుకు చూపించండి. రాత్రి అది లేచి తిరుగుతుంటే కసరకుండా ఫోన్ తీసి ఒక నిమిషం వీడియో తీయండి, ఎన్ని గంటలకో రాసిపెట్టండి. డాక్టరు గదిలో భయంతో బిగుసుకుపోయిన కుక్క చెప్పలేనిది ఆ నిమిషం వీడియో చెబుతుంది.